కళాయి పోయిన అద్దం

పోయిన నెల మా పక్కింట్లో పదకొండో దినం నాడు నేను చేసిన పనికి ఎమ్మిగనూరులో మా వీధి వీధంతా నన్ను తిట్టింది. తిట్టనీ. ఆ ఇంటి అబ్బాయి ఆదోనిలో పత్తి మిల్లుకు పొద్దున బస్సుకు పోయి చీకటి పడినాక వచ్చేవాడు. ఒకరోజు మధ్యాహ్నమే వచ్చాడు, నలుగురు మోసుకొస్తే. గుండె ఆగిందట. వాడి పెళ్ళానికి ఇంకా ముప్పై నిండలేదు. పదకొండో దినం గాజులూ పూలూ అన్నీ అయ్యాక ఇద్దరు ముసలమ్మలు బీరువా అద్దం మీద పాత దుప్పటి వేలాడదీసి, జారకుండా పైన రెండు ఇత్తడి చెంబులు పెట్టారు. ఆ పిల్ల మూలన కూర్చుని చూస్తోంది. నేను లేచిపోయి దుప్పటి లాగేశాను. ఒక చెంబు కిందపడి గడప దాకా దొర్లింది.

“ఓ తాతా, నీకేమన్నా మతి పోయిందా? మొగోనివి, ఆడోళ్ళ పనుల్లోకి నువ్వెందుకు వస్తాండావు?” అంది చనిపోయినవాడి తల్లి.

“అద్దమేం పాపం చేసింది?”

“అద్దం సేయలేదు. దీని నొసటి రాత సేసింది. కప్పండమ్మా మీరు.”

నన్ను బయటికి పంపి దుప్పటి మళ్ళీ కప్పారు. ఇంటికొస్తే మావాళ్ళు అడిగారు, ఊరివాళ్ళ అద్దంతో నీకేం పని అని. నోటితో చెప్పలేకపోయాను. నేను బడికి పోయినవాణ్ణి కాదు. నూలు కట్టలకు చుట్టి వచ్చే పాత పేపర్లు విప్పుకుని, ఒక్కొక్క అక్షరమే కూడబలుక్కున్నవాణ్ణి. తియ్యగా రాయడం నాకు చేతకాదు. జరిగింది జరిగినట్టు రాస్తాను. తిట్టేవాళ్ళు ఇది కూడా చదువుకుని, అప్పుడు సరిగ్గా తిట్టండి.

మాది నేత ఇల్లు. ముందు వసారాలో గుంటమగ్గం, దాని వెనక నడిమిల్లు. ఇల్లంతా పులిసిన గంజి వాసన, తడి నూలు వాసన. పొద్దున్నే ఉగ్గానిలోకి అమ్మ పుట్నాల పొడి కొట్టినప్పుడు మాత్రం ఆ రెండు వాసనలూ కాసేపు పక్కకు తప్పుకునేవి. ఇంట్లో నాయన, అమ్మ, నాయనకు అమ్మ అయిన అవ్వ, నేను, మా మేనత్త. అత్త నాయనకు చెల్లెలు. రాట్నం ముందు కూర్చుంటే ఆమె చెయ్యి కనపడేది కాదు. ఆమె చుట్టిన కండెలో దారం తెగిందని నాయన నోట ఒక్కనాడూ వినలేదు.

నడిమింట్లో అద్దం ఒకటి ఉండేది. మూరన్నర ఎత్తు, టేకు చట్రం, వెనక పల్చటి చెక్క. ఆ అద్దం అత్తది. ఆమె మొగుడు చీరల మూట భుజాన వేసుకుని వారానికోసారి ఆదోనికి పోయేవాడు. అక్కడ పత్తి వ్యాపారం చేసే ఒక సావుకారి ఇంట్లో గోడలకు ఎక్కడ చూసినా అద్దాలేనట. సావుకారి కొత్తవి తెప్పించుకుని పాతవి దించుతుంటే, వాటిలో చిన్నదాన్ని రెండు చీరలకు మారుగా అడిగి తీసుకున్నాడు, కొత్త పెళ్ళానికి. బొంతలో చుట్టి ఒళ్ళో పెట్టుకుని, బస్సులో ఆదోని నుంచి ఎమ్మిగనూరు దాకా ఎవరినీ పక్కన కూర్చోనివ్వలేదట. “కూసోనిస్తే తొడ తగిలి పగులుతాదని భయమప్పా మీ మామకు. ఒక ముసలామె తిట్టుకుంటా నిలబడే వచ్చిందంట” అని అత్త నవ్వేది.

ఆ అద్దంలో ఆమె ఎనిమిది నెలలు చూసుకుంది. మామకు జ్వరం వచ్చి మూడు రోజుల్లో పోయాడు. పక్క వీధిలోని కాపురం ఎత్తేసి అత్త మా ఇంటికి వచ్చింది, అద్దమూ వచ్చింది. ఇల్లు అత్తకు వసారా మూల చూపించింది. అద్దాన్ని మాత్రం నడిమింట్లోకి తీసుకుంది.

అద్దాన్ని ఎట్లా చూసుకోవాలో ఆ ఇంట్లో తెలిసింది అత్తకొక్కదానికే. సావుకారి భార్య మామకు చెప్పి పంపిన జాగ్రత్తలు అవి. నీళ్ళు పోయకూడదు, అంచుల్లోంచి వెనక్కి దిగి లోపలి కళాయిని తింటాయి. బూడిద వద్దు, గీతలు పడతాయి. చెమ్మ గోడకు ఆనించకూడదు. మెత్తటి సుద్దను పల్చటి గుడ్డలో జల్లించి, నాలుగు చుక్కల నీళ్ళతో కలిపి, పూసి, ఆరనిచ్చి, గంజి పోయి నీరసించిన పాత బట్టతో తుడవాలి. అమ్మకు ఇంత ఓపిక లేదు. కాబట్టి ప్రతి గురువారం అద్దం తుడిచే పని అత్తకే పడింది. శుక్రవారం పొద్దున అమ్మ బొట్టు పెట్టుకునేసరికి అద్దం తళతళలాడాలి.

తుడవాలి. చూడకూడదు.

మొగుడు పోయిన ఆడది అద్దంలో చూసుకుంటే అద్దం మచ్చపడుతుందని అవ్వ నమ్మకం. అవ్వ కూడా మొగుడు పోయినామే. అత్త పాలు తాగే వయసులో తాళి తెంచుకుంది. అప్పటినుంచి తన మొహం తాను చూసుకున్నది లేదు. తను మోసిన రాయి కూతురి నెత్తిన పెడుతుంటే ఆమె చెయ్యి ఒక్కసారన్నా వెనక్కి పోయి ఉంటుందా అని ఈ ముసలితనంలో కూడా నాకు అనుమానమే.

చూడకుండా తుడవడం ఎట్లా? అత్త దానికొక దారి కనిపెట్టింది. మొహం పక్కకు తిప్పుకుని, ముందు అద్దమంతా తడి సుద్ద పూసేసేది. అద్దం గుడ్డిదైపోయేది. అది ఆరినాక అంచుల నుంచి మెల్లగా లోపలికి తుడుచుకుంటూ వచ్చేది. పక్కన నిలబడి తుడిస్తే తన భుజం, రాట్నం, గోడ మాత్రమే కనపడేవి. నడుమన, మొహం పడేచోట, చెయ్యెడు సుద్ద మిగిలినప్పుడు గుడ్డ నా చేతికిచ్చి తప్పుకునేది.

“ఇంగ నువ్వు తుడువప్పా.”

నేను పీట ఎక్కి ఆ చివరి చెయ్యెడు తుడిచేవాణ్ణి. అంటే ప్రతి గురువారం ఆ అద్దంలో మొట్టమొదట కనపడే మొహం నాది. నాకప్పుడు తొమ్మిదేళ్ళు ఉంటాయి. అది ఎంత పెద్ద దొంగతనమో తెలియక గర్వపడేవాణ్ణి.

తుడవకముందు ఆ సుద్దలో వేలితో బొమ్మలు గీసేవాణ్ణి. మగ్గం, కోడిపుంజు, పళ్ళు లేని అవ్వ. ఒకసారి అత్త బొమ్మ గీశాను.

“ఎవురిది?” అంది అత్త.

“నువ్వే.”

సుద్ద కాబట్టి చూడొచ్చు. అత్త ముందుకు వచ్చి చాలాసేపు చూసింది. “నా ముక్కు ఇంత లావుండాదా?”

“ఇంకా లావే. స్థలం సాల్లేదు.”

“అబద్ధం సెప్పొద్దురా. మీ మామ నా ముక్కు సంపంగి మొగ్గ అనేటోడు.”

“మామకు కండ్లు కనపడేవి కాదేమో.”

గుడ్డతో నా వీపు మీద ఒకటి అంటించి పకపకా నవ్వింది. తర్వాత గొంతు తగ్గించి, “తల నెరిసిందా? యాడన్నా ఒక ఎంట్రుక?” అని అడిగింది. లేదన్నాను. ప్రతి గురువారం అడిగేది. ప్రతి గురువారం లేదనేవాణ్ణి. ఆమెకు తన వయసు తెలిసేది నా నోటి గుండా.

ఆ ఏడు వానలు ఎక్కువ. నడిమింటి గోడ చెమర్చింది. అద్దం పైభాగంలో, సరిగ్గా నడుమన, కందిగింజంత నల్లటి మచ్చ లేచింది. పదిరోజుల్లో రేగుపండంత అయింది. అత్త వెనక చెక్కకూ గోడకూ మధ్య బట్ట మడతలు పెట్టి చూసింది, చట్రాన్ని మేకు మీద నుంచి తీసి ఎండ తగలని గాలిలో ఆరబెట్టింది. మచ్చ ఆగలేదు.

“కళాయి పోతాంది” అంది అమ్మ.

“ఊరికే యాల పోతాది?” అంది అవ్వ. అన్నది అమ్మతో, చూసింది అత్తను. “ఎవురో సూస్తాండారు.”

“గోడ సెమ్మకమ్మా” అంది అత్త. “ఈ గోడ మీద వద్దని ముందే సెప్తి.”

“గోడకేం తెలుసు నీ ఏషాలు? ఇంగొక్క రవ్వ మచ్చ పెరగనీ, తుగ్గలి పక్కన మీ బావ ఉండాడు కదా, ఆడికి పంపిస్తా. శనక్కాయ సేనులో కలుపు తీస్తా ఉందువు. ఆడ అద్దాలు ల్యావు.”

అత్త రాట్నం ఆగిపోయింది. ఆ బావ అంటే మామకు అన్న. ఆ ఇంట్లో ఎట్లా ఉంటుందో ఆమెకు తెలుసు. మామ పోయాక మా ఇంటికి రాకముందు ఒక నెల అక్కడే ఉండి వచ్చింది. ఆ నెల గురించి నాకెప్పుడూ కథలు చెప్పలేదు. మిగతా అన్నీ చెప్పేది.

అవ్వ ఆ మాట అన్నప్పటి నుంచి నా బుర్రలో ఒకటే పురుగు. ఆ మచ్చ పోవాలి. పోతే అత్త ఉంటుంది. లేకపోతే పోతుంది. దారి కూడా నాకు కనపడుతూనే ఉంది, ఎందుకంటే మా ఇంట్లో గిన్నెకు పూసేదీ కళాయే, అద్దం వెనక ఉండేదీ కళాయే. ఒకటే మాట. గిన్నెకు కళాయి పోతే ఏం చేస్తారు? కళాయి తాత వస్తాడు, పోస్తాడు.

కళాయి తాత ఆదోని సాయిబు. ఏడాదికి రెండుసార్లు మా వీధి చివర చావడి గోడ నీడన గుంత తవ్వి, తోలు తిత్తి అమర్చి, బొగ్గులు రాజేసేవాడు. వేడెక్కిన ఇత్తడి గిన్నెలో నవసాగరం చల్లగానే తెల్లటి పొగ లేచి ముక్కు మండేది. తగరం ముక్క అంటించి దూదితో ఒక్క తిప్పు తిప్పితే గిన్నె లోపల వెన్నెల పరుచుకునేది. పిల్లలం దగ్గుకుంటూ కూడా అక్కడ నుంచి కదిలేవాళ్ళం కాదు.

ఆ ఏడు తాత వచ్చిన పొద్దు మా ఇంటి పడుగుకు, అంటే చీర నిలువు పోగులకు, గంజి పెట్టే రోజు. వీధి పొడవునా పడుగు చాపి, గంజి పట్టించి, ఎండ ముదరకముందే కుంచెలతో దువ్వాలి. ఇంట్లో ఒక్కరూ మిగలరు, అవ్వతో సహా. నేను కడుపునొప్పి అని చెప్పి జారుకుని తాత దగ్గరికి పోయాను. ఆయన చుట్టూ ఆడవాళ్ళు గిన్నెలతో తగువులాడుతున్నారు.

“ఏమమ్మా, మాసిన గిన్నె తెచ్చి కళాయి పొయ్యంటే యాడ పడతాది? సింతపండు పెట్టి బాగా తోముకొని రా, పో” అని ఒకామెను వెనక్కి పంపుతున్నాడు.

“తాతా, అద్దానికి కళాయి పోస్తావా?” అన్నాను.

ఆడవాళ్ళు ఫక్కుమన్నారు. తాత తిత్తి నొక్కుతూనే గడ్డంలో నవ్వాడు. “యాల పొయ్యను బేటా? బాగా పోస్తా. ముందు నువ్వు పోయి సింతపండు పెట్టి తోముకొని రా.”

“మీ అవ్వను గూడా తీసకరా, ఆమెక్కూడా పోసి పంపిస్తాడు” అంది ఒకామె. మళ్ళీ నవ్వులు.

వాళ్ళ నవ్వు నాకు పట్టలేదు. పోస్తానన్నాడు. తోముకు రమ్మన్నాడు. అంతే విన్నాను.

అద్దం దించి బొంత మీద బోర్లా పెట్టాను. వెనక చెక్క మేకులు వంచి తీశాను. లోపల ఎర్రటి రంగు, మచ్చ ఉన్నచోట పెచ్చులు లేచి ఉంది. గుప్పెడు చింతపండు, ఉప్పు, ఇటుక పొడి, కొబ్బరి పీచు, అమ్మ బిందె తోమినట్టే మొదలుపెట్టాను. ఎర్రరంగు నీళ్ళై కారింది. దాని కింద నుంచి తెల్లటి మెరుపు బయటపడింది. కళాయి గిన్నె లోపలి మెరుపే! సంతోషంతో ఇంకా గట్టిగా తోమాను. ఆ మెరుపు బూడిదరంగు బురదై నా అరచేతికి వచ్చేసింది.

అద్దం ఎత్తి చూశాను. పెద్ద మనిషి చెయ్యి పరిచినంత మేర ఏమీ లేదు. అందులోంచి నా కాలి వేళ్ళు కనపడ్డాయి.

పరుగెత్తి తాతకు చెప్పాను. తిత్తి మీద ఆయన చెయ్యి ఆగిపోయింది. “అరె, నవ్వులాటకంటి కదరా! ఆ కళాయి యేరే, ఈ కళాయి యేరే. నేనొచ్చి మీ నాయనకు సెప్తా, పా.”

“వద్దు తాతా. నేను సెప్తా.”

“నువ్వే సెప్తావు కదా?”

“సెప్తా.”

ఆయన నా మొహం చూసి నమ్మాడు. సాయంత్రానికి సామాన్లు సర్దుకుని దేవనకొండ దారి పట్టాడు. నమ్మి పోయిన మనిషి. ఆయన మీద నాకు కోపం లేదు.

అద్దం మళ్ళీ బిగించి మేకుకు తగిలించి కూర్చున్నాను. ఎండ ముదిరాక అందరూ వచ్చారు. నాయన నేరుగా మగ్గం గుంటలోకి దిగాడు. అత్త నాకు జొన్నరొట్టె, గోంగూర పెట్టి, తినే ముందు చేతులు కడగమని చెంబుతో నీళ్ళు పోసింది. నా వేళ్ళు పట్టుకుని తిప్పి చూసింది. గోళ్ళ సందుల్లో ఎర్రగా ఉంది.

“ఏం పని సేసినావప్పా?”

“ఇటుకలతో ఆడుకుంటి.”

నవ్వి, తన గోటితో నా గోళ్ళు శుభ్రం చేస్తుండగానే నడిమింట్లోంచి అమ్మ అరుపు వినపడింది.

అవ్వ అద్దం ముందు నిలబడింది. పక్కకు, మొహం తిప్పుకునే నిలబడింది. అంత కోపంలో కూడా నేమం తప్పలేదు. “సూడండి, మొగం ఎంత ఉంటాదో అంత పోయింది. ఇది గోడ సెమ్మనా?”

“నేను సూడలేదమ్మా” అంది అత్త.

“ఇంట్లో ఇంగెవురుండారు సూడరానోళ్ళు? నేనా?”

“నీ మీద ఆన. నేను సూడలేదు. ఆ సెక్క ఇప్పి ఎనకాల సూడండి.”

“ముట్టొద్దు దాన్ని!” అని అరిచి, అవ్వ రాట్నం దగ్గరికి పోయి నిలువెత్తు నూలు తెంపుకొచ్చింది. ఒక కొస నేలకు పట్టమని అమ్మకిచ్చి, రెండో కొస అద్దంలోని బొక్క నడుమకు పట్టి ముడి వేసింది. “రా, నిలబడు.”

అత్త గోడకు ఆనుకుని నిలబడింది. ముడి సరిగ్గా ఆమె ముక్కు దగ్గర ఆగింది.

“సూసినారా? దారం అబద్ధం సెప్పదు.”

దారం అబద్ధం చెప్పదు. మా నేతగాళ్ళ నోట ఎప్పుడూ ఉండే మాట అది. చీర పొడవు మీద, పడుగు మీద ఎన్ని తగువులు వచ్చినా దారం పట్టుకుంటే తీరిపోయేవి. ఆ మాట పడగానే ఇంట్లో అందరి మొహాలూ మారిపోయాయి. అదే దారం అమ్మకు పట్టినా ముక్కు దగ్గరే ఆగేది. ఆడమనిషి మొహం పడాలనే కదా ఆ ఎత్తులో మేకు కొట్టింది! ఆ ఎత్తులో ఉన్న బొక్క ఏ ఆడమనిషికైనా ముక్కు దగ్గరే వస్తుంది. ఇంతమంది నేతగాళ్ళలో, పోగు పోగు లెక్క చూసేవాళ్ళలో, ఒక్కరికి కూడా ఆ దారం రెండోసారి పట్టాలని తోచలేదు. దారం కొలిచింది ఎత్తును. వాళ్ళు దానితో తప్పును కొలిచారు.

అత్త నా వైపు చూసింది. ఒక్కసారే. నా చేతుల వైపు, తర్వాత నా మొహం వైపు. అడగలేదు, బతిమాలలేదు. కొంచెంసేపు ఆగింది, అంతే. వసారాలో నాయన పక్కన పడుగు దువ్వే కర్ర ఆనించి ఉంది. నేను ఆ కర్రను చూశాను. తర్వాత తల వంచుకుని రొట్టె తుంచి గోంగూరలో ముంచాను.

“ఏమిరా, నువ్వేమంటావు?” అని అవ్వ నాయనను కేకేసింది.

నాయన గుంటలోంచి లేవలేదు. “నువ్వు సెప్పినట్ల కానీమ్మా” అన్నాడు. ఆయన చేతి నాడె మగ్గం మీద పోగుల నడుమ ఇటు నుంచి అటు పోయింది.

మూడోనాడు నాయన అత్తను తీసుకుని ఆదోని బస్సు ఎక్కాడు, అక్కడ మారి తుగ్గలి వైపు పోవాలి. మైలపడిన అద్దం ఇంట్లో ఉండకూడదని అవ్వ దాన్ని కూడా పంపేసింది. మామ తెచ్చిన బొంతలోనే చుట్టి అత్త ఒళ్ళో పెట్టుకుంది. చూసుకోకుండా ఉన్నన్నాళ్ళూ తనది కాని అద్దం, చూసుకునే చోటు పోయాక తనదైంది. బస్సు కదిలేటప్పుడు నన్ను చూసి చెయ్యి ఊపింది. నేను ఊపలేదు. చేతులు వెనక్కి పెట్టుకున్నాను.

తర్వాత మా ఇంట్లో కండెలు తెగడం మొదలైంది. నాయన తిట్టుకుంటూ ముళ్ళు వేసుకునేవాడు. అత్త పేరు ఎత్తేవాడు కాదు. నా గడ్డం మొలిచే వయసుకు అవ్వ మంచం పట్టింది. చివరి వారంలో నన్ను పిలిచి, “ఒరేయ్, నా ముక్కు ఎట్లుందిరా? మా అమ్మ ముక్కు మాదిరి ఉండేదంట. మరిసిపోతిని” అంది. ఇంట్లో అప్పటికి వేరే అద్దం ఉంది. తెచ్చి ఆమె ముందు పెట్టడానికి నాయనకు ధైర్యం లేదు, అమ్మకు లేదు. నాకూ లేదు. నోరు మూసుకోవడం నేను బాగా చిన్నప్పుడే నేర్చుకున్నాను కదా.

ఆమె దినాలు అయ్యాక నేను తుగ్గలి పక్క ఆ పల్లెకు పోయాను. అత్తను పంపేసి అప్పటికి పన్నెండేళ్ళు. చేను గట్టున కూర్చుని ఉన్న ఒక ముసలామెను, అత్త ఇల్లు ఎక్కడని అడిగాను. ఆమె తలెత్తి, “నా ముక్కు ఇంగా లావైందా ఏమప్పా, గుర్తుపట్టల్యా?” అంది. ఆమెకు అప్పటికి నలభై కూడా దాటలేదు. తల సగం నెరిసింది. నా నోటి గుండా తెలుసుకునే అవసరం ఆమెకు తీరిపోయింది.

బావ వాళ్ళ పశువుల కొట్టం పక్కన చిన్న గది. గోడకు ఆ అద్దం. నేలకు మూరెడు ఎత్తులో, పిల్లవాడి మొలకు అందేటంత కింద.

“ఇంత కిందికి తగిలించినావేమత్తా?”

“నిలబడితే సెక్క కనపడతాది. కూసుంటే నేను కనపడతా.”

అద్దం తళతళలాడుతోంది. అంచుల్లో ఒక్క చెమ్మ మచ్చ లేదు. గూట్లో సుద్ద పొట్లం, మడతపెట్టిన పాత గుడ్డ. కలుపు తీసి తీసి కొయ్యబారిన చేతులతో రొట్టె తట్టి, శనక్కాయల చట్నీ వేసి నా ముందు పెట్టింది. రెండు ముక్కలు తిన్నాక చెప్పాను. ఆ అద్దం తోమింది నేనే అని. పన్నెండేళ్ళు ఎట్లా చెప్పాలో వరస పెట్టుకున్న మాటలన్నీ మరిచిపోయి, ఏడుస్తూ, ఎంగిలి చేత్తోనే చెప్పాను.

“ఆ పొద్దే తెలుసప్పా. నీ గోళ్ళు కడిగింది నేనే కదా.”

“మరి సెప్పలేదేమత్తా?”

“నేను సెప్తే ఎవురు నమ్ముతారు? పసిబిడ్డ మీదికి తోస్తాందంటుండ్రి. నువ్వు సెప్తావేమోనని సూస్తి.” పొయ్యి మీద రొట్టె తిప్పింది. “నువ్వు రొట్టె తింటాంటివి.”

నా చేతిలోని ముక్క కంచంలో పెట్టేశాను.

“ఒగటడుగుతా. సెప్పింటే మీ నాయన ఎన్ని ఏసుండు? రెండా? మూడా?”

ఎగతాళిగా అడగలేదు. కోపంగానూ కాదు. లెక్క తెలుసుకోవాలని అడిగినట్టు అడిగింది. నాకు జవాబు తెలుసు. నాయన ఎప్పుడూ రెండు దెబ్బలకు మించి కొట్టినవాడు కాదు.

“తిను. సల్లారుతాది” అంది.

మా ఇంటికి వచ్చేయమని కాళ్ళు పట్టుకున్నాను. రాలేదు. “ఈడ నా అద్దం ఉండాది. మీ ఇంట్లో మేకు పైన ఉంటాది” అంది. ఆ తర్వాత ఏడాదికోసారి పోయి చూసి వచ్చేవాణ్ణి. పెట్టేది, నవ్వించేది. క్షమించానని మాత్రం ఒక్కసారీ అనలేదు. అనకపోవడమే న్యాయం. చాలా ఏళ్ళ తర్వాత, వస్తువులు ఎట్లా తయారు చేస్తారో రాసిన పుస్తకం ఒకటి లైబ్రరీలో దొరికితే అద్దం గురించిన పుటలు చదివాను. పులుపు, ఉప్పు, చెమ్మ, ఈ మూడూ అద్దం వెనక పూతను తింటాయని ఉంది. ఆడదాని చూపు తింటుందని ఎక్కడా లేదు. పుట చివరిదాకా వెతికాను.

అత్త పోయాక అద్దం తెచ్చుకున్నాను. బొంత చినిగిపోయింది, దుప్పటిలో చుట్టి ఒళ్ళో పెట్టుకుని తెచ్చాను. అప్పటినుంచి ప్రతి గురువారం సుద్ద పూసి, అంచుల నుంచి తుడుచుకుంటూ వస్తాను. చివరి చెయ్యెడు తుడిచేసరికి చెక్క కనపడుతుంది.

దుప్పటి లాగి తిట్లు తిన్న తర్వాత పక్కింటి గడప తొక్కలేదు. నిన్న గురువారం. అద్దమంతా సుద్ద పూశాను, కానీ తుడవలేదు. అట్లాగే మోసుకుపోయి వాళ్ళింటి అరుగు మీద, గోడకు ఆనించి పెట్టాను. పక్కన పాత గుడ్డ పెట్టాను. కిటికీ వెనక ఎవరో ఉన్నట్టు తోచింది. కిటికీకి చెప్పినట్టే చెప్పాను: “పైన కళాయి లేదమ్మా. నేను చెడగొట్టింది. కూర్చుంటే కనపడుతుంది.”

చనిపోయినవాడి తల్లి, ఆ ముసలామె, వాకిట్లోకి వచ్చి, “ఈడేందీ సున్నం పూసిన పలక? తీస్కపో తాతా, పిల్లోళ్ళు పగలగొడతారు” అంది. రేపు తీసుకుపోతానన్నాను.

ఈ పొద్దున పోయి చూశాను. అద్దం పెట్టినచోటే ఉంది. మడతపెట్టి పెట్టిన గుడ్డ మడత విప్పి ఉంది. అద్దం మీద సుద్ద అంతా అట్లాగే ఉంది, ఒక్కచోట తప్ప. కింద, మనిషి నేల మీద కూర్చుంటే మొహం వచ్చేచోట, చెయ్యెడు మేర తుడిచి ఉంది.

ముసలామె నా వెనకే వచ్చి నిలబడి, “ఎవురు తుడిసినారది?” అంది.

“నేనే” అన్నాను. “ఇప్పుడే.”

ఆమె నా చేతుల వైపు చూసింది. సుద్ద లేదు. ఇంకేమీ అడగకుండా లోపలికి పోయింది. దారం తేవడానికి కాదు కదా అని గుమ్మం వైపు చూస్తూ చాలాసేపు ఆ అరుగు మీదే కూర్చున్నాను.